ఆ గదికి తాళం వేయను

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. ఆ "అందరం"లో ఎవరెవరున్నారో కింద రాస్తాను. చివరి పేజీ ముందు చదివే అలవాటు ఈ ఒక్కసారికి మానుకుని వరసగా చదువు. నీ మోకాళ్ల నొప్పుల సంగతి తిరుగు ఉత్తరంలో రాయి.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మొదటిది, నా కాళ్ల వాపు. పూర్తిగా తగ్గింది. రెండోది, మీ అల్లుడిగారి భోజనం. ఆయనకేం, నా వాటా కూడా ఆయనే తింటున్నారు. ఇక మూడోది గది. "బిడ్డ చేతికొచ్చేదాకా ఒక్క వస్తువు కూడా కొనకు, పోయినసారి జరిగింది గుర్తుందిగా" అని కింద గీత గీసి మరీ రాశావు. గుర్తుంది. అందుకే గది నిండా కొన్నాను.

పదకొండేళ్లుగా పంపుల ఫ్యాక్టరీ స్టోర్సు చూస్తున్నదాన్ని, నాకు సర్దడం చేతకాదా? ఫ్యాక్టరీలో మూల పడేసిన ఇనుప ర్యాకు అడిగి తెచ్చుకుని, తుప్పు గీకించి పచ్చరంగు వేయించాను. అరలకు చీటీలు అంటించాను: "పుట్టగానే", "మూడు నెలలు", "ఆరు నెలలు", "ఏడాది". పక్కగుడ్డలు, రబ్బరు షీటు, దూది, సబ్బు, పాలసీసాలు అన్నీ చెయ్యి చాపితే అందేలా పెట్టాను. ఒక్కచోట మాత్రం నా స్టోర్సు బుద్ధి కొంప ముంచింది. వాడకం లేని సరుకు పోగేయకూడదని మాకు నేర్పుతారు. పుట్టగానే వేసే చొక్కాలు పది రోజుల్లో బిగుతైపోతాయని అందరూ అంటే, అవి రెండే కొని పెద్ద సైజులు డజను తెచ్చాను. అక్కడే పప్పులో కాలేశాను.

మొన్న మీ అల్లుడి అక్క, మా వదిన, వచ్చింది. "ఏడాది" అరలో బూట్ల జత చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇప్పట్నించే బూట్లెందుకే?"

"ఏం, నడవదా?" అన్నాను.

ఆవిడ బూట్లు మళ్లీ అరలో పెట్టేసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర తమ్ముడి చెవిలో మాత్రం ఊదింది. "ఒరేయ్, ఆ గదికి తాళం పెట్టెయ్‌రా. సంగతేంటో తేలాక తీద్దువుగాని." నాకు వినపడింది.

మర్నాడు నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఆ గదిలో బిగించి పెట్టుకున్న ఉయ్యాల విప్పేసి మంచం కిందికి తోసి ఉంది.

"నేనే విప్పాను. నీ కంట పడకుండా ఉంటుందని..." అన్నారు ఆయన.

"కంట పడాలనే కొన్నాను. బిగించండి."

స్క్రూ ఒకటి ఎటో దొర్లిపోయింది. దాన్ని వెతుకుతూ ఆయన మంచం కిందే ఏడ్చేశారు. నేను ఏడవలేదు. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఆస్పత్రికి ఎందుకు వెళ్లానంటావా? కూర్చుని చదువు. పాప పుట్టి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. తొమ్మిది వారాలు ముందే వచ్చేసింది. అద్దాల పెట్టెలో ఉంది, ముక్కులో గొట్టం. కాళ్ల వాపు తగ్గింది అందుకే. కిందటి ఉత్తరం ఆ వార్డు బయట బల్ల మీద కూర్చునే రాశాను, నీకు ఒక్క ముక్క చెప్పకుండా. ఫోను చేద్దామంటే నీ గొంతు వినగానే నా పంతం కాస్తా కరిగిపోతుంది. క్షమించమని అడగను. "ముందే చెప్పానా" అంటావని దాచాను.

నేను కొన్న రెండు చొక్కాల్లో ఒక్కోదాంట్లో ఇలాంటి పాపలు ముగ్గురు పడతారు. గొట్టాలకు అడ్డం రాకుండా ముందువైపు తెరుచుకోవాలని నర్సు చెప్పింది. పెద్ద చొక్కాలు కత్తిరించి, నాడాలు పెట్టి ఆరు కుట్టాను. ర్యాకులో అన్నిటికంటే పై అర ఖాళీ చేసి "ఇవాళ్టికి" అని చీటీ అంటించాను. రోజూ ఒకటి పట్టుకెళ్తాను, మాసింది ఉతకడానికి తెచ్చుకుంటాను. డాక్టరు "ఇంకా ఏమీ చెప్పలేం" అంటాడు. చెప్పలేకపోతే మానేయమను, నా పని నేను ఆపను.

అమ్మా, పోయినసారి నీ మాటే విన్నాం. గది ఖాళీగానే ఉంచాం. బాబు రెండు రోజులున్నాడు. వాణ్ణి ఆస్పత్రి తువ్వాల్లోనే చుట్టి మా చేతికిచ్చారు. వాడిదని చెప్పుకోవడానికి ఒక్క గుడ్డపీలిక లేదు. గది ఖాళీగా ఉన్నందుకు నా ఏడుపు ఏం తగ్గింది, చెప్పు? ఈ పిల్ల ఎన్నాళ్లుంటుందో నాకు తెలియదు. నాకూ భయంగానే ఉంది. కానీ ఉన్నన్నాళ్లూ తన చొక్కా తను వేసుకునే ఉంటుంది.

నువ్వు బయల్దేరి రా. ఆ గదిలోనే నీకూ మంచం వేశాను. ఓదార్చడానికైతే మాత్రం రావద్దు. ఇంకో మాట, చేతులూపుకుంటూ రాకు. భయమేసినా సరే, నీ మనవరాలికని ఒక్క వస్తువు కొని పట్టుకురా.

ఇట్లు,
నీ మాట వినని కూతురు,
నీ మనవరాలి అమ్మ