సూప్ గిన్నె జారిన చెయ్యి

దేగు, శుక్రవారం

డాక్టర్ ప్యో గారికి,

పక్షవాతం వచ్చిన మా ఆయన ఛాంగ్‌సిక్ చేతి వ్యాయామానికని మీ వర్చువల్ కళ్లజోడు పెట్టుకుని, అందులో కనిపించే సీతాకోకచిలుకల్ని గాల్లో పట్టారు. మీరు చప్పట్లు కొట్టి, "తాతగారూ, ఇక మీది కుర్రాడి చెయ్యే!" అని ఇంటికి పంపేశారు. ఆ మాట నమ్మి, ఆయన మనవరాలు సోయుల్‌కి ఆ చేత్తోనే వేడి సూప్ గిన్నె అందించారు. గిన్నె జారి పిల్ల మోచెయ్యి కాలింది. బొమ్మ సీతాకోకకి బరువూ వేడీ ఉండవని మీకు తెలియదా? ఒక్కసారైనా నిజం గిన్నె పట్టించి చూశారా?

ఇప్పుడాయన ఆ చెయ్యి జేబులోంచి తియ్యడం లేదు. "డాక్టర్ని అనకే, తప్పు నాది," అంటున్నారు. కాదు, మీది. సోమవారం వస్తున్నాం. మళ్లీ మొదట్నుంచి, ఆ కళ్లజోడు లేకుండా నేర్పండి. ఆయన రానని మొండికేస్తే ఆ చెయ్యి పట్టుకునే లాక్కొస్తాను.

ఛాంగ్‌సిక్ భార్య