గుండె తలుపు దేనితో చేయాలి?

హామిల్టన్,
అక్టోబరు మొదటి వారం

చిరంజీవి సౌభాగ్యవతి సుధామయికి,

మీ అన్నయ్య రంగనాథ్ ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు రెండు మాటలు చెప్పి మూడోదానికే ఆయాసపడ్డావు. ఆ రెండు మాటలూ నాకు వినపడనే లేదు. నలభై ఏళ్లు స్టీలు మిల్లు హోరులో నిలబడ్డ చెవులు మరెలా ఉంటాయి? నీకు ఆయాసం, నాకు చెవుడు, ఇక మనిద్దరికీ ఉత్తరాలే గతి. మెసేజీలు పెట్టు మావయ్యా అంటుంది నీ కూతురు హర్షిణి. ఆ బుల్లి కీబోర్డు మీద తెలుగు కొట్టేలోపు నాకు ఇంకో ఏడాది వయసొస్తుంది.

నా చేతిలోంచి ఫోన్ లాక్కుని మీ శాంత వదిన హర్షిణితో మాట్లాడి, నాకు అరిచి చెప్పింది. నీ గుండెలోంచి రక్తం బయటికి పోయే చోట ఉన్న వాల్వుకు మూడు రేకులు ఉండాల్సింది పుట్టుకతోనే రెండు ఉన్నాయట. ఇప్పుడవి రాయిలా గట్టిపడి సరిగా తెరుచుకోవడం లేదట. మార్చకపోతే రెండేళ్లు గడవడం కూడా కష్టమని సర్జను చెప్పిందట. నా వెనక పుట్టినదానివి, నాకంటే ముందు నీకిదేమిటే?

ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదని చదవడం మొదలుపెట్టాను. సుధా, ఆ వాల్వు ఉల్లిపొరంత ఉంటుంది. రోజుకు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. నూనె లేదు, గ్రీజు లేదు, ఆదివారం సెలవు లేదు. మిల్లులో ఏ యంత్రానికి ఏ లోహం వాడాలో ఎంచడమే నా ఉద్యోగం. నేను ఏరికోరి తెచ్చిన బేరింగులు గ్రీజు తక్కువైతే వారం తిరక్కుండా కీచుమనేవి. నీ వాల్వేమో ఒక రేకు తక్కువతో యాభై తొమ్మిదేళ్లు లాక్కొచ్చింది. ఆ రెండు రేకులతోనే నువ్వు పిల్లను కన్నావు, కెనడాకొచ్చాక బ్రాంప్టన్‌లో ఇన్ని చలికాలాలు డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోశావు. దానికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

కొత్త వాల్వు రెండు రకాలట. ఒకటి కార్బన్‌ది, రెండోది జంతువు కణజాలంతో చేసింది. నా మాట విని కార్బన్‌దే అడుగు. అది మామూలు బొగ్గు కాదు. వేడి గదిలోకి గ్యాసు పంపిస్తే, ఆ గ్యాసు విరిగి కార్బన్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. అణు ఇంధనం గింజలకు పూత వేయడానికని దాన్ని తయారుచేశారు. తర్వాత ఎవడో మహానుభావుడికి, ఇది గుండెలో పెడితే ఎలా ఉంటుందని తట్టింది. అరగదు, అలసిపోదు, తుప్పు పట్టదు. మనిషి పోయినా అది ఉంటుంది. కణజాలంది పది పదిహేనేళ్లకు మళ్లీ మార్చాలి. ఇంత తేలిక లెక్క నా ఉద్యోగంలో ఎప్పుడూ తగల్లేదు.

ధైర్యంగా ఉండు.
ఆశీస్సులతో,
అన్నయ్య

*

బ్రాంప్టన్,
అక్టోబరు చివర

పూజ్యుడైన అన్నయ్యకు,

సుధ నమస్కారాలు. ఉత్తరం రాస్తుంటే ఆయాసం రాదని ఇన్నాళ్లకు తెలిసింది. మధ్యలో ఆగినా అవతలివాళ్లు కంగారుపడరు.

నిన్న సర్జనమ్మను చూశాం. నా ఎడం చేతిలో ఒక వాల్వు, కుడి చేతిలో ఒకటి పెట్టింది. ఎడం చేతిది నల్లగా, నున్నగా, నగలా ఉంది. అది నువ్వు చెప్పిన కార్బన్‌ది. కుడి చేతిది తెల్లగా, మెత్తగా ఉంది. దేనితో చేశారని అడిగాను. ఆవు గుండె చుట్టూ ఉండే సంచీలాంటి పొరతోనట. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది కింద పడింది. పాపం సర్జనమ్మే వంగి తీసుకుంది. పందిది కూడా ఉంటుందని చెప్పబోతే మీ బావగారు చాలు చాలని ఆపేశారు.

కార్బన్‌దే కావాలని చెప్పేశాను. నువ్వు చెప్పావు, నా మనసూ అదే చెప్పింది. జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలట. ఆకుకూరలు ఇంచుమించు రోజూ ఒకే కొలతలో తినాలట. ఒకరోజు బొత్తిగా లేకుండా, ఒకరోజు ఎక్కువగా తింటే ఆ మాత్ర లెక్క తప్పుతుందట. భోజనాలు మానేసే అలవాటు ఉందా అని నర్సు అడిగింది. లేదన్నాను. హర్షిణి నా వైపు అదోలా చూసింది గానీ, ఏకాదశి ఉండడం భోజనం మానడం కాదు కదా, వ్రతం.

జనవరిలో ఆపరేషన్. నువ్వూ వదినా ముందే వచ్చేయండి. బేస్‌మెంట్‌లో పడక సర్దించాను.

ఇట్లు,
నీ సుధ

*

హామిల్టన్,
నవంబరు

సుధమ్మకు,

ఆశీస్సులు. నీ ఉత్తరంలో ఆ ఏకాదశి ముక్క చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మీ వదిన ఏమైందని పరిగెత్తుకొచ్చింది.

ఓసి పిచ్చిమొహమా, నర్సు అడిగింది అదే! పెళ్లి కాకముందు నుంచి నువ్వు ఏకాదశి నాడు పాలూ పళ్లూ తప్ప ముట్టవు. మర్నాడు ద్వాదశి పారణకు గిన్నెడు తోటకూర పప్పు. కార్తీకమాసం వస్తే సోమవారాలు వేరే. ఆ మాత్ర వేసుకుంటూ ఇలా ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ఆకు మేస్తే, ఒకసారి రక్తం కారుతుంది, ఇంకోసారి వాల్వు దగ్గర గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. కార్బన్‌కు ఏమీ కాదు. అయ్యేది నీకు.

తప్పు నాదే. మిల్లుకు కొత్తగా వచ్చిన ఇంజనీర్లకు మొదటిరోజే ఒక మాట చెప్పేవాణ్ని. ఏది గట్టిదని అడగొద్దు, అది ఎక్కడ పనిచేయాలో ముందు కనుక్కోండి అని. సొంత చెల్లెలి దగ్గరికొచ్చేసరికి గట్టిదేదో చూసి సంబరపడ్డాను. అది పనిచేయాల్సింది నీ రక్తంలో, నీ వంటింట్లో, నీ పంచాంగంలో. అవేవీ అడగలేదు.

నువ్వు తిట్టుకున్నా సరే, ఇంకొకటి చెప్పాలి. నా దగ్గర పని నేర్చుకున్న కావ్యశ్రీ ఇప్పుడు ఇక్కడి యూనివర్సిటీలో కవాటాల మీదే పరిశోధన చేస్తోంది. తన ల్యాబుకు తీసుకెళ్లింది. ఒక గాజు గొట్టంలో నీళ్లు గుండె కొట్టుకున్నట్టే కొట్టుకుంటున్నాయి. మధ్యలో ఆ ఆవు పొరతో చేసిన వాల్వు. మూడు రేకులు విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి. చప్పుడు లేదు. చుక్క వెనక్కి రావడం లేదు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాను.

ఆ పొరలో పోగులు ఉంగరాల జుట్టులా వంపులు తిరిగి ఉంటాయట. కొంచెం లాగితే వంపులు సర్దుకుని మెత్తగా సాగుతుంది. ఇంకా లాగితే పోగులన్నీ నిటారై ఒక్కసారి బిగుసుకుంటుంది. తెరుచుకోవడానికి పట్టులా, మూసుకున్నాక ఒత్తిడి ఆపడానికి తాడులా. రెండు గుణాలూ ఒక్క పొరలో! అలాంటి రేకు నేను ఎంచిన ఏ ఉక్కుతోనూ చేయలేం. నలభై ఏళ్లు పదార్థాలతో బతికి, అంత గొప్పది నేను ఎన్నడూ చేత్తో ముట్టలేదు. అది ఒక ఆవు గడ్డి మేస్తూ, ఏమీ ఎరక్కుండా తన ఒంట్లో తయారుచేసుకుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కావ్యశ్రీ మర్యాదగా అటు తిరిగింది.

దీనికి ఆ మాత్ర జీవితాంతం అక్కర్లేదు. ఇది అరిగాక, కుదిరితే తొడ దగ్గరి రక్తనాళంలోంచి ఇంకొకటి పంపి దీనిలోపలే కూర్చోబెడతారట. సుధా, ఇది ఒప్పుకో.

నీ అన్నయ్య

*

బ్రాంప్టన్,
డిసెంబరు

అన్నయ్యకు,

నమస్కారాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి బీరువాలో పెట్టేశాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

నీకు అది పదార్థం. నాకు అది ఆవు. కనిపించిన ప్రతి ఆవు వీపూ తాకి కళ్లకద్దుకునేదాన్ని నేను. ఎవరో తిండికోసం కోసిన ఆవు గుండె పొరను నా గుండెలో కుట్టించుకుని, రేపు దేవుడి ముందు ఏ మొహంతో దీపం పెట్టను? ఎంత గొప్పగా విచ్చుకుంటుందో నాకు చెప్పకు. గొప్పదని తెలిసేకొద్దీ నాకు ఇంకా బాధగా ఉంది.

మెట్లు ఎక్కడం మానేశాను. పడక సోఫా మీదకు మార్చారు. ఇంకా ఈ వాదన పెంచే ఓపిక నాకు లేదు. కార్బన్‌దే వేయించుకుంటాను.

సుధ

*

హామిల్టన్,
డిసెంబరు

సుధకు,

ఆశీస్సులు. సరే. శరీరం నీది, దేవుడు నీవాడు. ఆవు మాట ఇక ఎత్తను.

ఒక్కటే అడుగుతాను. నర్సుకు ఫోన్ చేయించి ఏకాదశి సంగతి ఉన్నదున్నట్టు చెప్పు. ఆ తర్వాత వాళ్లు ఏది చెబితే అది, నువ్వు ఏది ఒప్పుకుంటే అది. నాకు భయంగా ఉందే. ఎన్ని యంత్రాలు విరగడం చూశాను, రిపోర్టు ఒక్క కాగితంలో రాసేసేవాణ్ని. ఈ నాలుగు ముక్కలు రాయడానికి రెండు కాగితాలు చించాను.

అన్నయ్య

*

బ్రాంప్టన్,
మార్చి

పూజ్యుడైన అన్నయ్యకు,

సుధ నమస్కారాలు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. రొమ్ము ఎముక అతుక్కునేదాకా మోచేతులు ఎత్తవద్దన్నారు. ఆసుపత్రిలో నువ్వు రోజూ వచ్చి పక్కన కూర్చున్నావు గానీ, ఏది వేయించుకున్నానో ఒక్కసారి కూడా అడగలేదు. శాంత వదిననూ, హర్షిణినీ చెప్పనివ్వలేదట. సుధే చెప్పాలి అన్నావట. అందుకే నా చేత్తో రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే నర్సుతో మాట్లాడాను. సర్జనమ్మ మళ్లీ రమ్మంది. ఏకాదశి, ద్వాదశి, కార్తీక సోమవారాలు అన్నీ హర్షిణి ఇంగ్లీషులో చెబుతుంటే ఓపిగ్గా రాసుకుంది. కార్బన్ కావాలంటే ఉపవాసాలు పూర్తిగా వదిలేయాలి, ఉపవాసాలు ఉండాలంటే రెండోది పెట్టించుకోవాలి అంది. రెంటిలో ఏది మేలని నేను అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “మీరు దేనితో బతకగలరో మీకే తెలుస్తుంది” అంది.

బయటికొచ్చి కారులో కూర్చున్నాం. మీ బావగారు కారు అద్దాల మీది మంచు గీకుతున్నారు. నాకెందుకో మన అమ్మ పోయిన రోజు గుర్తొచ్చింది. అమ్మ వైతరణి దాటడానికి గోదానం చేయించాలన్నారు పంతులుగారు. ఇక్కడ ఆ ఫ్యూనరల్ హోమ్‌లోకి ఆవును ఎవరు తేనిస్తారు? ఆయన సంచీలోంచి బొటనవేలంత వెండి ఆవును తీశారు. దాని తోక నీ వేళ్లకు దొరకనే లేదు. ఇది పనికొస్తుందా అని నేనే అడిగాను. భావన ముఖ్యమమ్మా అన్నారు. అమ్మ దాటే ఉంటుంది, నాకు అనుమానం లేదు.

కానీ అన్నయ్యా, నా గుండెలో భావన సరిపోదు. అక్కడ నిజంగా తెరుచుకోవాలి, నిజంగా మూసుకోవాలి. కారులో కూర్చుని అది అర్థమైంది. చచ్చాక ఆవు తోక పట్టుకుని అవతలి ఒడ్డుకు వెళ్తానని నమ్మినదాన్ని, అదే ఆవు బతికించి ఇవతలి ఒడ్డుకు తెస్తానంటే చెయ్యి విదిలించుకోవడమేమిటి? తలుపు తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లి, ఆవుదే పెట్టండి అని చెప్పాను. మీ బావగారు గీకుడు బద్ద చేత్తో పట్టుకుని అలాగే నా వెనక వచ్చేశారు.

మత్తులోంచి లేచాక గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో! నా గుండె అంత తీరిగ్గా కొట్టుకోవడం నాకు గుర్తే లేదు. నువ్వు గాజు గొట్టంలో చూసింది ఇప్పుడు నాలో జరుగుతోంది. గడ్డి మేసి పెరిగిన ఒక జీవి పొర, నేను అన్నం తిన్నా తినకపోయినా, నిద్రపోయినా, నన్ను మోస్తోంది. తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అయినా దాన్ని చంపారు. నాకోసం కాకపోవచ్చు, చంపడం మాత్రం నిజం. పాపం లేదని నన్ను నేను మభ్యపెట్టుకోలేను. అందుకే నిన్న పంతులుగారిని ఇంటికి పిలిచి, ఆ ఆవుకు నువ్వులూ నీళ్లూ వదిలించమన్నాను. ఆయన పంచాంగం తిరగేసి ఒప్పుకున్నారు. మీ బావగారు పీట మీద కూర్చున్నారు. పేరు చెప్పమంటే గోమాత అన్నాం. గోత్రం దగ్గర పంతులుగారు ఆగి, తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెబుతాం, అదే చెప్పేదా అన్నారు.

“వద్దండీ, మా గోత్రమే చెప్పండి” అన్నాను. “అది మా ఇంటి మనిషే.”

ప్రాణంతో, ప్రేమతో,
నీ సుధ