గంట దానంతటదే పగలదు

ఒరేయ్ ఇంగ్లీషు మాస్టారూ,

పిన్ని ఆశీస్సులు. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వూ బాగుండే ఉంటావు, లేకపోతే ఈపాటికి మీ అమ్మ చెప్పి చెప్పి నా చెవులు చిల్లులు పొడిచేది. ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటంటావేమో. ఫోనులో నువ్వు చెబుతావు, నేను వినాలి. ఉత్తరంలో అయితే నేను చెప్పడం అయ్యేదాకా నోరు మూసుకుని ఉంటావు.

అసలు సంగతికొస్తాను. మా హోటలు లాండ్రీలో ఇస్త్రీ గది గోడకి ఒక కరెంటు గంట పెట్టారు. అది మా మేనేజరు బుర్రని తొలిచిన పురుగు. గంట మోగేలోగా ఒక దుప్పటి ఇస్త్రీ అయి మడత పడాలి. మళ్ళీ గంట, మళ్ళీ దుప్పటి. ఊపిరి పీల్చుకోవాలన్నా గంటని అడగాలి. అందుకే ఆయనకి మేము గంటయ్య అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ గంట ముక్కలై నేల మీద పడి ఉంది. ఏం జరిగిందో పెద్దాఫీసుకి ఇంగ్లీషులో సంజాయిషీ రాసివ్వాలట. ఇస్త్రీ గదికి పెద్దదాన్ని కాబట్టి నేనే రాయాలట.

నాకు కావలసింది ఒకటే వాక్యం. "ఈ గంటని నేను పగలగొట్టాను, ఎందుకంటే ఇది మా పక్కబల్ల వదిన చెయ్యి కాల్చింది." దీన్ని ఇంగ్లీషు చేసి, నేను పైకి చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో కూడా రాసి పంపు. ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
నీ పిన్ని

తా.క.: నీ పెళ్లి సంబంధం తప్పిపోయిందని మీ అమ్మ బాధపడింది. తప్పిపోవడానికి అదేమన్నా మేకపిల్లా?

* * *

పూజ్యురాలైన పిన్నికి,

నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. ఇన్నాళ్లకి నీకు ఇంగ్లీషు మీద మనసు మళ్లినందుకు నా ఆనందానికి అవధుల్లేవు. అయితే నీ వాక్యంలో పెద్ద దోషం ఉంది, అది సరిచెయ్యడం నా ధర్మం.

ఇంగ్లీషులో క్రియలు రెండు రకాలు. సకర్మకం, అంటే ట్రాన్సిటివ్. అకర్మకం, అంటే ఇన్‌ట్రాన్సిటివ్. గుర్తుపట్టడం చాలా తేలిక. క్రియ పక్కన నిలబడి "దేన్ని?" అని అడుగు. "ఐ ఐరన్ ది షీట్." దేన్ని? దుప్పటిని. జవాబొచ్చింది కాబట్టి సకర్మకం. "ఐ స్లీప్." దేన్ని? దేన్నీ కాదు, ఊరికే నిద్రపోతాను. కాబట్టి అకర్మకం.

ఇక బ్రేక్, బర్న్ లాంటివి గోడ మీద పిల్లులు. రెండు వైపులా దూకుతాయి. మనకి "పగలగొట్టాను" వేరు, "పగిలింది" వేరు. ఇంగ్లీషులో రెంటికీ బ్రోక్ ఒకటే. కనుక నువ్వు "ది బెల్ బ్రోక్" అని రాసి ఊరుకో. గంట పగిలింది. దేన్ని అని అడిగేవాడు లేడు, ఎవరు అని అడిగేవాడూ లేడు. నువ్వు ఆ వాక్యంలో కాగడా పెట్టి వెతికినా దొరకవు. తెలియక "నేను" అని చేర్చావు, నేను దాన్ని తీసేశాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నా విద్యార్థులూ ఇదే పొరపాటు చేస్తుంటారు.

విధేయుడు,
నీ అక్క కొడుకు

తా.క.: నీ "ఎందుకంటే"ని కూడా కొట్టేశాను. దానంతటదే పగిలినదానికి ఎందుకంటే ఏమిటి?
మరొక తా.క.: సంబంధం నిజంగానే తప్పిపోయింది. అది అకర్మకం. దేన్ని అని అడగవద్దు.

* * *

ఒరేయ్ అబ్బాయ్,

ఈసారి దీవెనలు సగమే పంపుతున్నాను. మిగతా సగం నీకు బుద్ధి వచ్చాక. నేను అడిగిందొకటి, నువ్వు పంపిందొకటి.

"నేను" అని పొరపాటున రాయలేదు, తెలిసే రాశాను. గంట పగలలేదు. నేను పగలగొట్టాను. అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు స్టూలెక్కి, తలుపుకి అడ్డం పెట్టుకునే పాత బొగ్గుల ఇస్త్రీపెట్టెతో బాదాను. మొదటి దెబ్బకి మూలిగింది. రెండో దెబ్బకి నోరు మూసింది. ఆ తర్వాత ఇంకొకటి నా తృప్తి కోసం వేశాను.

ఎందుకో విను. మొన్న వదిన దుప్పటి అంచు సరిచేస్తుంటే నెత్తి మీద గంట మోగింది. ఉలిక్కిపడింది. ఎడమ చెయ్యి ఇస్త్రీపెట్టె కిందికి పోయింది. అరచెయ్యంతా బొబ్బలు. ఆఫీసు కాగితంలో ఏం రాశారో తెలుసా? "హర్ హ్యాండ్ బర్న్డ్" అట. రిసెప్షన్ అమ్మాయి చదివి చెప్పింది, చెయ్యి కాలింది అని, అంతే. ఊసుపోక దానంతటదే కాలిందట! కాబట్టి అజాగ్రత్త వదినదేనట. కాబట్టి ఆ బల్ల దగ్గర ఇంకో మనిషిని పెట్టేస్తారట. ఆ ఇల్లు గడిచేది ఈ ఉద్యోగం మీదేరా.

అక్కడ చెయ్యి దానంతటదే కాలింది, ఇక్కడ గంట దానంతటదే పగిలింది. మరి ఆ భవనంలో మనుషులనేవాళ్లు ఎవరూ లేరా? నా "ఎందుకంటే"ని ఎవర్నడిగి కొట్టేశావు? ఆ ఒక్క మాట కోసమే నేను గంట పగలగొట్టింది. గంటని ఎందుకు పగలగొట్టావని పెద్దాఫీసు అడిగితే తప్ప వదిన చెయ్యి సంగతి వాళ్ల చెవిన పడదు. నాకు కోపం వస్తోంది, ఏడుపూ వస్తోంది. నా "నేను" నాకు వెనక్కి పంపు.

ఇట్లు,
గంట పగలగొట్టిన నీ పిన్ని

తా.క.: నీ "దేన్ని" పరీక్ష మా గదిలో అందరికీ తెగ నచ్చింది. గంటయ్య వచ్చి అరిస్తే వెనక బల్లవాళ్లు "దేన్ని?" అన్నారు. అరవడానికి కర్మ ఉండదని నువ్వంటావు. మరి మా చెవులు?
ఇంకొకటి: ఒక్క మాట చేత రెండు పనులు చేయించుకునే ఆ ఇంగ్లీషువాళ్లు మా మేనేజరుకి చుట్టాలై ఉంటారు.

* * *

పిన్నికి,

సాష్టాంగ నమస్కారాలు. నీ ఉత్తరం చదివి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చీమకి కూడా దారిచ్చి నడిచే నువ్వు స్టూలెక్కి గంటని బాదావంటే నమ్మడానికి నేను చిన్నపిల్లాణ్ణి కాను. నాకంతా అర్థమైంది. ఆ గదిలో ఎవరో చేసిన పనిని నీ నెత్తిన వేసుకుంటున్నావు. నీది వెన్నలాంటి మనసు. కానీ వెన్న ఉండాల్సిన చోటు ఇస్త్రీ గది కాదు.

నీకు చెబితే వినవని నేనే మీ మేనేజరు గారికి నేరుగా ఇంగ్లీషులో రాసేశాను. "ది బెల్ బ్రోక్. మై ఆంట్ వెప్ట్." గంట పగిలింది, మా పిన్ని ఏడ్చింది. రెండూ అకర్మకాలే. ఎవరూ ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. ఇంతకంటే మచ్చలేని ఉత్తరం నేను నా జీవితంలో రాయలేదు. మా పిన్ని పెద్దావిడ, ఏదో అంటూ ఉంటుంది, పట్టించుకోవద్దని కూడా చేర్చాను. నీ ఉద్యోగానికి ఇక ఢోకా లేదు. గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపో.

విధేయుడు,
నిన్ను కాపాడినవాడు

తా.క.: "పెద్దావిడ" అన్నందుకు కోపం తెచ్చుకోకు. రావడం వేరు, తెచ్చుకోవడం వేరు. తెచ్చుకోవడం సకర్మకం.

* * *

ఏరా కాపాడినవాడా,

దీవెనలు లేవు.

నీ మచ్చలేని ఉత్తరం మేనేజరుకి అందింది. చదివి పొంగిపోయాడు. దాన్ని గంట అమ్మిన కంపెనీకి పంపాడు. ఎవరూ ముట్టుకోకుండా గంట దానంతటదే పగిలితే తప్పు గంటదట, గ్యారంటీ కింద కొత్తది ఇవ్వాలట. మనుషులు పగలగొడితే ఇవ్వరట! ఇంగ్లీషు మాస్టారే రాసిచ్చాడని కంపెనీవాళ్లు మారు మాట్లాడకుండా పాతదాని విషయంలో క్షమాపణ చెప్పి ఇంకా పెద్ద గంట పంపారు. తెచ్చి సరిగ్గా నా నెత్తి మీద బిగించారు. అది మోగితే వీధి చివర నిద్రపోయే కుక్క లేచి నిలబడుతోంది.

నేను అంత కష్టపడి స్టూలెక్కింది దేనికి? ఇల్లు అలకగానే పండగ కాదని తెలుసు గానీ, అలికిన ఇంట్లో నువ్వొచ్చి బురద కాళ్లతో తిరుగుతావని తెలియదు. వదిన బల్ల దగ్గరికి కొత్త మనిషి రేపో మాపో వస్తుందట. చేతికి కట్టుతో వచ్చి గుమ్మంలో నిలబడింది వదిన. లోపలికి రానివ్వలేదు. ఆ మొహం నువ్వు చూడాల్సింది.

ఎవరినో కాపాడుతున్నానని నన్ను మెచ్చుకోకు. నేను చేసిన పని నాది. దాన్ని నా చేతిలోంచి లాక్కునే హక్కు మేనేజరుకీ లేదు, నీకూ లేదు. నేను భయపడలేదు. నన్ను భయస్తురాలిగా చేసి చూపించింది నువ్వు.

ఇట్లు,
ఏడవని పిన్ని

తా.క.: నా గురించి "వెప్ట్" అని రాశావే, మేనేజరు నాకు చేతిరుమాలు ఇచ్చాడు. దాన్ని ఇస్త్రీ చేసి తిరిగిచ్చేశాను.

* * *

పిన్నీ,

ఏ ముఖంతో నమస్కారం పెట్టను?

నిన్న తరగతిలో పాఠం చెబుతూ బోర్డు మీద "ది బెల్ బ్రోక్" అని రాశాను. నేను తిరిగేలోగా వెనక బెంచీ నుంచి ముందు బెంచీ దాకా ఒకటే ప్రశ్న. "ఎవరు పగలగొట్టారు సార్?" అది వ్యాకరణం ప్రకారం అడగకూడని ప్రశ్న అన్నాను. "అయినా ఎవరు సార్?" అన్నారు. బెల్లు కొట్టేదాకా వదల్లేదు. చివరికి "మా పిన్ని" అన్నాను. గది గదంతా చప్పట్లు కొట్టింది. పిన్నీ, నీ మాట ముందు నమ్మింది వాళ్లు, నేను కాదు. సిగ్గేసింది.

ఇదిగో నువ్వడిగిన వాక్యం. "ఐ బ్రోక్ ది బెల్, బికాజ్ ది బెల్ ఫ్రైటెన్డ్ హర్ అండ్ ది ఐరన్ బర్న్డ్ హర్ హ్యాండ్." చెయ్యి కాల్చింది గంట కాదు, ఇస్త్రీపెట్టె. బెదరగొట్టింది గంట. న్యాయం అడిగేటప్పుడు ఎవరి పని వాళ్లకే చెప్పాలి కదా, అందుకని విడదీశాను. ఫ్రైటెన్ అన్నది గోడ మీది పిల్లి కాదు. ఎవర్ని బెదరగొట్టిందో చెప్పకపోతే ఆ వాక్యం నిలబడదు. కింద నా సంతకం కూడా పెట్టాను, ఇంతకుముందు రాసింది నేను వెనక్కి తీసుకుంటున్నానని.

ఉద్యోగం పోతుందేమో పిన్నీ. తప్పు. తీసేస్తారేమో. అయినా రాయి.

నీ అక్క కొడుకు

తా.క.: సంబంధం తప్పిపోలేదు. నేనే తప్పించాను. ఆ మాట ఇవాళ పొద్దున అమ్మకి చెప్పేశాను. అమ్మ విసిరింది. దేన్ని అని అడుగుతావేమో, గరిటెని.

* * *

బంగారుకొండకి,

బాకీ పడిన దీవెనలన్నీ కలిపి పంపుతున్నాను, లెక్కపెట్టుకోకు.

నీ వాక్యం నా చేత్తో తిరిగి రాశాను. దాని కింద నా సొంతంగా ఒకటి చేర్చాను. "మేనేజర్ పుట్ ది బెల్." దేన్ని? గంటని. సరిగ్గానే ఉంది కదా? మా గదిలో అందరూ సరే అన్నారు. ఈ మధ్య భోజనాల దగ్గర నీ ఉత్తరాలే చదువుకుంటున్నాంలే.

కాగితం ఇచ్చాను. నీ వాక్యం చదువుతున్నంతసేపు మేనేజరు ముసిముసిగా నవ్వుకున్నాడు. నా వాక్యం దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగింది. "ఈ చివరిది కొట్టెయ్యండి" అన్నాడు. "కొట్టెయ్యను, మీరే పెట్టారుగా" అన్నాను. "గంట ఉందనే కదా మీ గొడవ" అని ఆయనే స్టూలెక్కి, మరలు విప్పి గంటని దించాడు. మేమంతా ఇస్త్రీపెట్టెలు పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాం. నేను మాత్రం రాసింది వెనక్కి తీసుకోలేదు. కాగితాన్ని రిసెప్షన్ అమ్మాయి చేత పెద్దాఫీసుకి పంపించాను.

అక్కడి నుంచి ఒకావిడ వచ్చింది. గోడకి మరలు ఊడదీసిన బెజ్జాలు చూసి గంటేదని అడిగింది. "ది బెల్ ఫెల్, మేడమ్" అన్నాడు మేనేజరు. అంతే, ఆ మూల నుంచి ఈ మూల దాకా గది మొత్తం ఒక్క గొంతుతో "మేనేజర్ రిమూవ్డ్ ది బెల్!" అంది. నేనేమీ సైగ చెయ్యలేదు, ఒట్టు. ఆవిడ కాగితం మళ్ళీ చదివింది, గుమ్మంలో ఉన్న వదినని పిలిచి చెయ్యి చూసింది. వదిన గురించి ఆఫీసు కాగితంలో రాసింది కొట్టించి, గంట బెదరగొట్టిందని రాయించింది. చెయ్యి మానేదాకా ఆ బల్ల ఖాళీగానే ఉంటుంది. తర్వాత వదిన అక్కడే నిలబడుతుంది.

నన్నేమీ ముద్దు చెయ్యలేదు. హోటలు వస్తువు పగలగొట్టినందుకు నాకు మెమో ఇచ్చారు. గదికి పెద్దదాన్ననే హోదా తీసేశారు. తీసేసినవాళ్ల సంతకం కూడా ఉంది. ఆ మెమోని అందరూ చూసేలా నా బల్ల ముందు అంటించాను. అందులో నా పేరుంది, నేను చేసిన పనీ ఉంది. చదువుకుంటే హాయిగా ఉంది.

ఇట్లు,
నీ పిన్ని

తా.క.: పెద్దాఫీసు ఇప్పుడు మేనేజరుని సంజాయిషీ అడిగింది. నిన్న నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మీ అక్కగారబ్బాయి మొదట్లో ఎంత చక్కగా రాశాడండీ, ఎవరూ ఏమీ చెయ్యనట్టు. నాకూ అలాంటిదొకటి రాయించి పెట్టండి" అన్నాడు. నిన్ను శ్రమ పెట్టడమెందుకని మేమే రాసిచ్చాం. వదిన చెప్పింది, నేను రాశాను. "ఐ పుట్ ది బెల్. ఐ ఫ్రైటెన్డ్ ది విమెన్. ఐ విల్ నాట్ పుట్ అనదర్ బెల్." చదివాడు. ఇంకో రకంగా రాయలేరా అన్నాడు. మాకు వచ్చిన ఇంగ్లీషు ఇంతేనండీ అన్నాం. సంతకం పెట్టాడు.