గట్టు మీద నేను, నీళ్లలో వాడు

1968 జనవరి 7, ఆదివారం

తమ్ముడు సెలెక్ట్ అయ్యాడు! మార్చిలో కొలంబోలో అంతర్జాతీయ ఈత పోటీలు. నాలుగు వందల మీటర్ల ఫ్రీస్టయిల్‌లో ఇండియా తరఫున మా దేవిదాస్. పీ.టీ. మాస్టారు రామకోటేశ్వరరావు గారు టెలిగ్రాం పట్టుకుని సైకిల్ మీద వచ్చారు, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని. మా అత్త హన్మవ్వ, ఈదనీకి గంత దూరం ఎందుకు పోవాలె, గీడ కాలువ లేదా అంది. మా ఆయన ఆత్మారాం చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర మిఠాయి పంచాడట. చక్కెర చేసేవాళ్లకు మిఠాయి!

వాడు మాత్రం నా దగ్గరికొచ్చి, అక్కా, పొద్దుగాల గట్టు మీదికి వస్తవు గదా అన్నాడు. రాకుండా ఎక్కడికి పోతాను?

జనవరి 9

మా ఊరికి స్విమ్మింగ్ పూల్ ఎక్కడిది? నిజాంసాగర్ కాలువే. అమ్మ పోయాక వాడు నా దగ్గరే పెరిగాడు. నేను పక్క ఊరి బడిలో టీచర్ని, వాడు అదే బడిలో చదివేవాడు. దారంతా కాలువ గట్టే. వాడి బట్టలూ పలకా నా సంచిలో, వాడు నీళ్లలో. నేను కథ చెబుతూ గట్టు మీద నడిచేదాన్ని, వాడు వింటూ నా పక్కనే ఈదేవాడు. ఏళ్ల తరబడి అలాగే పోయాం. ఛాంపియన్ ఎలా అయ్యాడని పేపరువాళ్లు అడిగితే మాస్టారు ఏవేవో స్ట్రోకుల పేర్లు చెప్పారు. బడికి నడిచి పోవడానికి బద్ధకం వల్ల అని నేను చెప్పలేదు.

జనవరి 16

రాయాలా వద్దా అని మూడుసార్లు పెన్ను మూశాను. నెల తప్పాను.

ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా. ఇంతకుముందు రెండుసార్లు ఊరంతా చెప్పుకున్నాం, రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది. ఈసారి ఐదో నెల వచ్చేదాకా నోరు మెదపను. నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టు నడుస్తున్నాను.

జనవరి 22

మాస్టారికీ ఆయన స్టాప్‌వాచ్‌కూ పడటం లేదు. వంతెన నుంచి తూము దాకా తమ్ముడు పోయిన నెలకంటే ఆలస్యంగా వస్తున్నాడు. మాస్టారు వాడికి చెరుకు రసం మాన్పించారు. రోజుకు నాలుగు కోడిగుడ్లు పెట్టండమ్మా, మా కోస్తా కుర్రాళ్లు అలాగే తింటారు అన్నారు. అత్త ఊరుకుంటుందా? మీ దిక్కు కోళ్లు నాలుగు పెడ్తయేమో సారూ, మా కోడి దినానికి ఒకటే పెడ్తది అంది.

జనవరి 27

ఇవాళా ఆలస్యమే. వాడు అన్నం ముట్టలేదు.

ఫిబ్రవరి 1

వింత జరిగింది. పసుపు ఉడకబెట్టే పనుంది, నువ్వుండు అని అత్త నన్ను కదలనివ్వలేదు. గట్టు మీదికి మా ఆయనను పంపింది. ఆయనవి కొంగ కాళ్లు, పైగా షిఫ్టుకు టైమయింది. గబగబా నడిచాడట. తమ్ముడు ఎన్నడూ లేనంత తొందరగా తూము తాకాడు! మాస్టారు ఎగిరి గంతేశారట. అంతా గుడ్ల మహిమేనట.

ఫిబ్రవరి 2

ఇవాళ గట్టు మీదికి నేనే పోయాను. మళ్లీ మొదటికే వచ్చింది.

ఫిబ్రవరి 2, సాయంత్రం

పిల్లల లెక్కలు దిద్దుతుంటే తట్టింది. గుడ్లూ కాదు, రసమూ కాదు. ఊపిరి తీసినప్పుడల్లా వాడు గట్టు వైపే తల తిప్పుతాడు. నా కాళ్లు చూస్తాడు. నేనెంత వేగంగా నడిస్తే అంత వేగంగా ఈదుతాడు. చిన్ననాటి అలవాటు, ఆ సంగతి వాడికే తెలియదు. నేను నింపాదిగా నడుస్తుంటే వాడూ... పిచ్చి నాయన! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. వాడిని వెనక్కి లాగుతున్నది నేనే.

చెబితే, ఎందుకు మెల్లగా నడుస్తున్నావని అడుగుతాడు. రాకపోతే అలుగుతాడు. ఆయనను పంపుదామంటే రేపటి నుంచి ఆయన షిఫ్టు తెల్లారకముందే.

ఫిబ్రవరి 5

మూడు రోజులుగా కుచ్చిళ్లు ఎగదోపుకుని వేగంగా నడుస్తున్నాను. మాస్టారు మురిసిపోతున్నారు. ఇయ్యాల పానం హల్కగ ఉన్నదక్కా, దూది లెక్క అన్నాడు తమ్ముడు. వాడి నవ్వు చూసి, నడుము నొప్పి సంగతి మర్చిపోయాను.

ఫిబ్రవరి 6, పొద్దున

బట్టకు మరక.

ఫిబ్రవరి 7

నిన్న ఎవరికీ చెప్పకుండా బోధన్ బస్సెక్కాను. వెనకాలే అత్త ఎక్కింది. ఎక్కడికని అడగలేదు. లేడీ డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చి, కడుపు నిలిచే ఉంది, రెండు వారాలు మంచం దిగొద్దు అంది.

ఆస్పత్రి మెట్ల మీద అప్పుడు అంది అత్త: నాకు మొదటి నెల్లనే తెలుసు బిడ్డా. నువ్వే చెప్పకుంటే నేనెట్ల అడుగుత? అందుకే గా దినం గట్టు మీదికి నా కొడుకును తోలిన, పసుపు ఒక సాకు. దాచాననుకుంటూ నేను, తెలియనట్టు ఆమె. ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాం.

ఫిబ్రవరి 9

ఆయనకు చెప్పాను. తమ్ముడికి అన్నీ చెప్పాను, నా కాళ్ల సంగతితో సహా. మొదట నమ్మలేదు. గట్లెట్లుంటది, నా చేతులు నావి గావా అన్నాడు. తర్వాత, నేను కొలంబో పోను అన్నాడు. తిట్టాను. బడి పిల్లలను కూడా ఎన్నడూ అంత తిట్టలేదు. నీ పోటీని, దీన్ని, రెండూ నేను మోయలేను, నీది నువ్వు ఈదుకో అన్నాను. వాడు లేచి, నా పాదాల మీద దుప్పటి కప్పి పోయాడు.

ఫిబ్రవరి 25

గట్టు మీద నేను లేక తమ్ముడు మొదట్లో పిచ్చిగా చేతులు కొట్టి సగంలోనే అలసిపోయేవాడట. కుదురుతున్నాడమ్మా అన్నారు మాస్టారు. డాక్టర్ లేవొచ్చంది కదా అని అత్త బండి కట్టించింది. గట్టు మీద చాప వేసుకుని కూర్చున్నాను.

వాడు వచ్చాడు. తల అవతలి వైపు, చెరుకు తోట వైపు తిప్పి ఊపిరి తీస్తున్నాడు. నా ముందు నుంచే పోయాడు, చూడలేదు. నన్ను దాటి పోవడం ఇదే మొదటిసారి. గర్వంగా ఉంది. కొంచెం కోపంగా కూడా ఉంది.

మార్చి 4

రైలెక్కాడు. ఇల్లు బోసిపోయింది.

మార్చి 17

ఇవాళ ఫైనల్. రేడియోలో అన్నీ చెప్పారు, చక్కెర ధరతో సహా. ఈత మాట లేదు.

మార్చి 20

నాలుగో స్థానం. మెడల్ వేలెడు దూరంలో పోయిందట. పేపర్ తెచ్చిన మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఎంతమందిల నాలుగు అని అడిగింది అత్త. ఎనిమిది మందిలో అన్నారు. గట్లయితే నాలుగు దేశాలు మా పోరని ఎనుకనే ఉన్నయి గదా, ఎందుకు ఏడుస్తవు సారూ, చాయ్ తాగు అంది.

మార్చి 27

వచ్చాడు. నల్లబడ్డాడు, చిక్కాడు. మూడు వందల మీటర్ల దాకా వాడే ముందున్నాడట. గట్టు మీద ఆపేవాళ్లు లేరని ఎగబడ్డాడట. చివరి వంద మీటర్లలో చేతులు రాళ్లయ్యాయట. చెబుతూ ఒకటే నవ్వు. ఓడినవాడివి, ఎందుకురా అంత సంబరం అన్నాను. అంతా నేనే ఈదినక్కా, తప్పు గూడ నాదే అన్నాడు. దగ్గరికి లాక్కున్నాను. ఇంకా వాడి జుట్టుకు స్విమ్మింగ్ పూల్ నీళ్లలో కలిపే ఏదో మందు వాసన.

ఏప్రిల్ 6

బడిలో ఏడో ఎక్కం చెప్పిస్తుంటే కడుపులో కదిలింది. నేను ఆగిపోయాను. పిల్లలు ఆగలేదు, చివరిదాకా వాళ్లే చదివారు.