బొమ్మలో మామ చీర

హైదరాబాద్ నుంచి,

మామకు, నీ అక్క బిడ్డ రజిత దండాలు. నేనిక్కడ మంచిగనే ఉన్నాను. అవ్వ మోకాళ్ళ నొప్పి తగ్గిందా, నువ్వు వేళకు తింటున్నావా, అది ముందు రాయి. ఫోన్‌లో అడిగితే "మంచిగున్న బిడ్డా" అని పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

నా గురించి పరేషాన్ కావద్దు. హాస్టల్ కూరలు చప్పగా ఉంటాయి, అయినా కడుపు నిండుతోంది. చలి మొదలైంది. బంద్ రోజున బస్సులుండవు, ఆఫీసుకు నడిచే పోతాను. మొన్న మా ఆఫీసు ముందే రోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేశారు. పప్పన్నం నేనూ తిన్నాను, జై తెలంగాణ అని నేనూ అరిచాను. ఆదివారాలు మాత్రం అస్సలు తోచదు.

అసలు సంగతి చెప్తాను. మేం పిల్లలకు బొమ్మల పుస్తకాలు, టీవీకి కార్టూన్లు చేస్తాం కదా. ఉద్యమం పుణ్యమా అని ఇప్పుడు మన ఊళ్ళ కథలు కావాలంటున్నారు. మల్లన్న జాతర కథకు పుస్తకంలోకి, టీవీలోకి బొమ్మలేసే పని నాకొచ్చింది. మల్లన్న పిలుపుతో చీర కట్టే శివసత్తిగా నిన్నే వేశాను. ముఖాన పసుపు, నెత్తిన బోనం, నీ వెడల్పు భుజాలు, నీ ఆకుపచ్చ చీర. అడగకుండా వేశాను, కోప్పడకు.

మా సారు మన దిక్కు గూడూరాయనే. బొమ్మ బాగుందన్నాడు, ఆ వెంటనే "చీర తీసేసి పంచె కట్టియ్యి రజితా" అన్నాడు.

"ఎందుకు సార్?"

"మన మాట మీద సినిమాలల్ల ఇన్నేండ్లు నవ్విన్రు. గిప్పుడు చీర కట్టిన మొగాయనను చూపిస్తే ఇంకింత నవ్వుతరు. పిల్లల తల్లిదండ్రులు గుడ ఊకోరు."

"నవ్వుతరని మన మాట దాసుకుంటున్నమా సార్?"

"గది వేరే, గిది వేరే. లేకుంటే ఆడమనిషి బొమ్మ వెయ్యి."

చీర చెరపడానికి కూర్చున్నాను, చెరపలేకపోయాను. ఇంట్లో, జాతరలో, అంగట్లో ఎప్పుడూ చీరలోనే ఉండే నువ్వు, అమ్మ పోయాక నన్ను బడికి తోలుకపోవడానికి మాత్రం పంచె కట్టేవాడివి. నేను అడగలేదు. పిల్లలు నన్ను ఏడిపిస్తారని నీకు నువ్వే కట్టావు. "దేవుడు పిలిచిండని అందరికి చెప్త గని బిడ్డా, ఆయన పిలువకముందు నుంచే నాకు చీరంటే పాణం" అని నాకొక్కదానికే చెప్పావు. అంత ఇష్టమైనదాన్ని రోజూ నా కోసం విప్పి పెట్టి వచ్చావు.

మళ్ళీ సారు దగ్గరికి పోయాను. "మా మామ నా కోసం దినాం చీర ఇప్పిండు సార్. మళ్ళ నా చేతితోని ఇప్పియ్యకున్రి" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. రెండు రోజులకు ఆయన పిలిచి, "పుస్తకంల ఉండనీ. టీవీ వాళ్ళు మాత్రం ఒప్పుకుంటలేరు, ఆ ముక్క తీసేస్తున్న" అన్నాడు.

టీవీ సంగతికి నాకు కోపమొచ్చింది, ఇంకా పోలేదు. అయినా పుస్తకంలో ఉన్నావు మామా, చీరలోనే ఉన్నావు. సారుకు దండం పెట్టి వచ్చాను. ఇంత ధైర్యం నీ పెంపకంతో వచ్చిందే.

మన నర్సింహులపేట నుంచి ఎవరైనా వస్తే చింతకాయ తొక్కు, మల్లన్న బండారి పసుపు పంపు. అవ్వకు, పక్కింటి పెద్దమ్మకు నా దండాలు చెప్పు. నీ దీవెన నా మీద ఉండనీ.

పుస్తకం అచ్చయ్యాక ఇక్కడ పిల్లల ముందు చిన్న సభ పెడతారట. నువ్వు రావాలి. బస్టాండుకు నేనే వస్తాను. సంచిలో పంచె మాత్రం పెట్టుకోకు.

నువ్వు సాదిన బిడ్డ,
రజిత