ఒక్కరూ తప్పు చెప్పని పోటీ

మార్చి 3, సోమవారం

యూజీన్ ఆఫీసు ఆడిట్ మొదలుపెట్టాను. లర్గన్ ఊళ్లో టైర్ల షాపు మీద రెండు గదులు. టికెట్లమ్మి ఆన్‌లైన్‌లో వారానికో పోటీ పెడతాడు. బహుమతి ఒకసారి వ్యాను, ఒకసారి ట్రాక్టరు, ఒకసారి స్పెయిన్ ట్రిప్పు. మా ఆడిట్ సంస్థ సర్టిఫికెట్ లేకపోతే కార్డు పేమెంట్లు ఆపేస్తామని బ్యాంకు బెదిరించిందట. కూర్చో తల్లీ, టీ తాగు, ముందే చెప్తున్నా నేను దొంగని కాదు అన్నాడు. ఈ మాట చెప్పని దొంగని నేనింతవరకు చూడలేదు.

ఇంటికొచ్చేసరికి మళ్లీ మా తమ్ముడు కీరన్ గొడవ. వాడి ఆత్మశాంతికి చర్చిలో ప్రార్థన చేయిద్దామంటాడు నాన్న. బతికున్నవాడికి ప్రార్థనేమిటి, ముందు నీ నోరు కడుక్కో అంటుంది అమ్మ. వాడు కనబడకుండా పోయిన దగ్గర్నుంచి, తొమ్మిదేళ్లుగా ఇదే. నాకు ఇద్దరి మీదా విసుగే.

మార్చి 4, మంగళవారం

విజేతని తీసే డ్రా శుభ్రంగా ఉంది. పోస్టుకార్డు మీద ఉచితంగా పంపిన ఎంట్రీలు కూడా టికెట్ కొన్నవాటితోనే కలుస్తున్నాయి. చిక్కల్లా ప్రశ్న దగ్గరే. టికెట్ తీసుకునేవాళ్లు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి, వాళ్లలో కొందరైనా తప్పు చెప్పాలి. ఎవరూ తప్పు చెప్పకపోతే అది పోటీ కాదు, లాటరీ. లాటరీ నడిపే లైసెన్సు యూజీన్‌కి లేదు.

ఏడాదిగా అతని పోటీల్లో ఒక్కరూ తప్పు చెప్పలేదు. కష్టమైన ప్రశ్న పెట్టమన్నాను.

మార్చి 6, గురువారం

పెట్టాడు. తన చిన్నప్పటి కుక్క పేరేమిటని అడిగాడు. మూడు పేర్లు ఇచ్చాడు. అందరూ సరిగ్గానే చెప్పారు.

నాకు ఒళ్లు మండింది. తప్పులన్నీ ఎక్కడో తుడిచేస్తున్నాడనుకున్నాను.

మార్చి 7, శుక్రవారం

బెల్‌ఫాస్ట్ నుంచి మా టెక్నీషియన్ని పిలిపించాను. కావాలని తప్పు జవాబు కొట్టి చూశాడు. తప్పుగానే నమోదైంది. ప్రోగ్రాంకేం రోగం లేదు, జనానికే ఏదో పట్టింది అని నవ్వాడు. పాత ఎంట్రీలన్నీ చూశాక నవ్వలేదు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మార్చి 10, సోమవారం

ఈసారి ప్రశ్న నేనే పెట్టాను. సరైన జవాబు పోటీ మూసేశాకే నింపుతానన్నాను, యూజీన్‌కి కూడా చెప్పలేదు. నా కోటు జేబులో ఏముంది? ఎంచుకోడానికి మూడిచ్చాను: బస్సు టికెట్, దగ్గుబిళ్ల, బొత్తాం.

సాయంత్రానికి పోటీ మూసేశాం. అందరూ బొత్తామే. జేబులో చెయ్యి పెట్టి దాన్ని పట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే భయమేసింది.

గెలిచినావిడకి ఫోన్ చేశాను. న్యూరీలో ఉంటుంది, పెద్దావిడ. ఎలా తెలిసిందని అడిగాను. ఇదేం ప్రశ్న అమ్మాయ్, చదవగానే తెలిసిపోయింది, ఎందుకు, నీకు తెలీదా అంది.

మార్చి 11, మంగళవారం

నీకు తెలీదా.

మార్చి 12, బుధవారం

రిపోర్టు రాయాలి. సర్టిఫికెట్ ఇవ్వలేమని రాయడానికి ఒక్క వాక్యం చాలు. జనం తప్పు చెప్పకపోతే అది కూడా నా తప్పేనా, నా దగ్గర పనిచేసే పిల్లలకి ఏం చెప్పను అని యూజీన్ మొహం వేలాడేసుకున్నాడు. ఇంకొక్క చిన్న పోటీ పెడదామన్నాను, బిస్కెట్ల బుట్ట బహుమతిగా. పరీక్షే అనుకుని సంబరపడ్డాడు పాపం. ఇది ఏ ఆడిట్‌లోనూ లేదు. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. ఊడనీ.

తొమ్మిదేళ్ల కిందట ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నకీ కీరన్‌కీ మాటా మాటా పెరిగిందట. నేను అప్పుడు డెర్రీలో చదువుకుంటున్నాను. తెల్లారేసరికి వాడు లేడు. వాడి కోటు సరస్సు ఒడ్డున దొరికింది. నాన్న తీసుకొచ్చాడు. వాడు సరస్సులోనే పోయాడంటాడు నాన్న. ఒళ్లు మండి గ్లాస్గో పోయాడు, ఒకరోజు ఫోన్ చేస్తాడంటుంది అమ్మ. స్నానానికి వెళ్లినా ఫోన్ పట్టుకునే వెళ్తుంది. వాడేమయ్యాడో తెలియకుండా నేనింక ఉండలేను.

కీరన్ ఎక్కడున్నాడు? అని టైప్ చేశాను. ఇంటిపేరూ మా వీధీ కూడా కొట్టాను. సరస్సులో. గ్లాస్గోలో. మూడోది లేకుండా పేజీ ముందుకి కదలనంది. ఏదో ఒకటి పెట్టాలి కదా. వాళ్లింటి పెరట్లో అని కొట్టేశాను.

మార్చి 13, గురువారం

ఎంట్రీలు వస్తున్నాయి. తెరిచి చూడలేదు. ఈ పూట అమ్మ బాగా నవ్వుతూ మాట్లాడింది. ఎందుకో ఏడుపొచ్చింది.

మార్చి 14, శుక్రవారం

యూజీన్ ఫోన్ చేశాడు. అందరూ మూడోదే పెట్టారు తల్లీ, అదేనా రైటు అని అడిగాడు.

వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. నాన్న పెరట్లో బంగాళాదుంపలకి నేల తవ్వుతున్నాడు. గోడ పక్క మూల మాత్రం, ఏటా లాగే, ముట్టుకోలేదు.