కొండ లేని లెక్క

పెంచలయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆ పొద్దున గొర్రెలు తోలుకుంటూ మా బడి ముందు ఆగి, "రేడియోలో వాన సంగతి ఏం చెప్పినారురా?" అని అడిగావు. "ఈ పొద్దు వాన లేదంట, పో" అన్నాను. మధ్యాహ్నం ఉదయగిరి వీధుల్లో ఎండ కాస్తూనే ఉంది. కొండ మీద మాత్రం కుండపోతగా కురిసింది. వాగు నిన్నూ మందనూ ఈడ్చుకుపోయింది. రెండు రోజులు వెతికితే గాని నువ్వు దొరకలేదు.

పోయిన నెల మద్రాసు నుంచి వాతావరణం ఆఫీసరు ఒకాయన కొండ చూడటానికి వచ్చాడు. నీ సంగతి చెప్పి, లెక్క ఎందుకు తప్పిందని అడిగాను.

"మా కంప్యూటరుకు మీ కొండ ఉన్నట్టే తెలియదు మాస్టారూ. ఇదంతా చదును నేల అనుకుని లెక్క వేస్తుంది. గాలి కొండకు తగిలి పైకి లేచి మబ్బు కట్టేది అందులో రాదు" అన్నాడు.

కొండ మీది వాన కొలతలు ఏళ్ల తరబడి చేరితే సరిదిద్దవచ్చట. కొలిచే పని నేనే అడిగి తీసుకున్నాను. రోజూ తెల్లవారగానే కొండెక్కి, వాన కొలిచే పాత్ర చూసి, కాగితం మీద రాసి పంపుతున్నాను.

ఏడాదిగా నాతో మాట్లాడని నీ భార్య రమణమ్మ ఇవాళ దిగివస్తుంటే దారిలో ఆపింది.

"ఎన్నేండ్లు కొలవాలంట?"

"పదేండ్లయినా పడతాదంట."

"అందాకా వాన లేదని ఎవురికీ చెప్పబాకయ్యా" అని వెళ్లిపోయింది.

చెప్పడం లేదురా. బళ్లో పిల్లలు అడిగినా, నాకు తెలియదనే అంటున్నాను.

నీ సుబ్బరాముడు